మూడో కాలు

చండూరు దాటినంక ఎడమకు తిరిగితే
పత్తిచేన్ల నడుమ
ఆరు కాళ్ళ మీద నిలబడ్డ నీళ్ళ ట్యాంకు.
కూలగొట్టాల్నా, ఉంచాల్నా,
తేల్చి చెప్పమని నల్లగొండ నుంచి నన్ను పంపిండ్రు.

సంచిలో టిఫిన్ డబ్బా అంత పెట్టె,
దానికి రెండు తీగలు, తీగల కొసన రెండు బిళ్ళలు,
గ్రీజు, సుద్దముక్క, గుడ్డపేలిక.
ఒక బిళ్ళ అంటది, ఇంకో బిళ్ళ వింటది.
నడుమ కాంక్రీటు.

మన చెవికందే చప్పుడు కాదది.
పక్కన పండుకున్న కుక్క కూడా తలెత్తదు.
మూడు వందల మిల్లీమీటర్ల మందం,
గట్టిగుంటే అరవై ఎనిమిది మైక్రోసెకన్లల్ల దాటుతది.
డొల్ల ఉంటే మాత్రం అందులకు దూకదు,
బాటల గుంత చూసిన ఎడ్లబండి లెక్క
చుట్టు తిరిగి వస్తది.
ఆ ఆలస్యమే నా చదువు.
నెలనెలా నా జీతం కూడా ఆ ఆలస్యమే.

మొదటి కాలు, అరవై తొమ్మిది.
రెండోది డెబ్బై, ఒకచోట డెబ్బై ఒకటి.
ఓడిపోయిన సర్పంచు పేరు,
పిడకలు కొట్టిన మరకలు,
అన్నీ గీకి, గ్రీజు పూసి, బిళ్ళ ఆనించి.

మేకలను తోలుకుంట వచ్చిన ఒకామె
కట్టె మీద గడ్డం ఆనించి చానాసేపు చూసింది.
"ఏంది బిడ్డా, ట్యాంకుకు జరమొచ్చిందా?"
"లోపల డొల్ల ఉందేమో చూస్తున్ననమ్మా."
"గంతేనా," అన్నది కుర్మమ్మ,
"గా మూడోదాంట్ల ఉంటది. నడుమెత్తున."

నవ్విన. వరుస తప్పకుండ
మూడో కాలుకు చేరిన.
మోకాలెత్తున డెబ్బై.
నడుమెత్తున నూట ఏడు.
తుడిచి మళ్ళ పెట్టిన. నూట ఏడు.
జానెడు జరిపిన. నూట పన్నెండు.
పెట్టెకే ఏమన్న అయిందేమోనని
మొదటి కాలు కాడికి పోయి చూసొచ్చిన.
అరవై తొమ్మిది.

కుర్మమ్మ కూలబడింది.
మేకలు తుమ్మకాయలు ఏరుకుంటున్నయి.

"ముప్పై ఏండ్లయితది.
పాలమూరు నుంచి మా గుంపును తోలుకొచ్చిండ్రు.
ఆ దినం వైబ్రేటర్ల డీజిల్ అయిపోయింది.
తెస్తనని పోయిన మేస్త్రి మాపటిదాక రాలే.
మాలు గట్టివడతదని
మేమే కట్టెతోని కుచ్చినం.
తట్ట అందిచ్చి అందిచ్చి నేను కూడా కుచ్చిన.
కట్టె కింద ముట్టలే. చేతికి తెలుస్తది గద.
చెక్కలు విప్పితే తేనెతుట్టె లెక్క బొక్కలు.
మేస్త్రి సిమెంటు పాలు పూసి మూసిండు.
మాకు ఆ మాపు కల్లు పోయిచ్చిండు."

నా పుస్తకంల కూడా దాని పేరు తేనెతుట్టెనే.

"మరి ఎవ్వరికీ చెప్పలేదా?"
"ఎవ్వలన్న అడిగితే గద."

రిపోర్టు కాగితంల గళ్ళున్నయి:
కాలు నంబరు, ఎత్తు, మందం, సమయం, వేగం.
చెప్పినవాళ్ళ పేరుకు గడి లేదు.
సుద్దతోని కాలు మీద సున్నా చుట్టి
లోపల 107 అని రాసిన.

లేవబోయి లేవలేకపోయింది.
పనైనంక గుంపు ఇంకో డ్యాముకు పోయిందట.
తను ఈ ఊరి మనిషిని చేసుకొని ఆగిపోయి
తను మోసిన ట్యాంకులకే ఎక్కిన బోరు నీళ్ళు,
ఫ్లోరైడు నీళ్ళు, ఏండ్లకేండ్లు తాగింది.
మోకాళ్ళు వంగుతలేవు.

"గా బిళ్ళలు ఈడ పెట్టు."
ఎముకకు నా దగ్గర లెక్క లేదమ్మా అన్న.
"పెట్టరాదు, నీదేం పోతది."
పెట్టిన. అటొకటి, ఇటొకటి.
పెట్టె కొంచెం తడబడి ఒక అంకె చూపెట్టింది.
"మూడోదానికంటె ఎక్కువనా, తక్కువనా?"
మందం కొలువలేదు, పోల్చరాదు అన్న.
నిజమే చెప్పిన.
చెప్పి, తీగలు చుట్టుకుంట తల దించుకున్న.

గుడ్డతోని తుడవబోతే చెయ్యి అడ్డం పెట్టింది.
"ఎందుకు పాడు చేస్తవు."
మోకాలు మీది గ్రీజును వేలితోని తీసి
మడిమ పగుళ్ళల్ల నింపుకుంట కూచుంది,
ఒక్కో పగులు, లోపలికంటా,
వేలు అడుగు ముట్టేదాక.